పిడికిలిలో పావు మిల్లీమీటరు

టీవీలో పిస్టల్ పోటీ చూసేవారి కళ్లు ముందుగా ఆగేది పిడి దగ్గరే. సినిమాల్లో పోలీసు అధికారి నడుముకు వేలాడే తుపాకీకి ఉండే నున్నని, పలచని పిడి కాదది. ఉబ్బెత్తుగా, వంకరటింకరగా ఉంటుంది. వేళ్లకు గాడులు, బొటనవేలికి చిన్న అరుగు, అరచేతి అంచు కింద పైకీ కిందికీ జరుపుకొనే పలక, అక్కడక్కడ రంగు తేడాతో కనిపించే పుట్టీ అతుకులు. లక్షలు పోసి కొన్న పిస్టల్‌కు ఈ అతుకులేమిటని అనిపిస్తుంది. షూటర్‌ను అడిగితే మాత్రం, పిస్టల్ కంటే ఆ అతుకులకే ఎక్కువ కాలం పట్టిందంటారు.

2023 సెప్టెంబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మహిళల 25 మీటర్ల పిస్టల్ జట్టు పోటీ జరిగింది. మను భాకర్ 590, హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 586, రిథమ్ సాంగ్వాన్ 583 పాయింట్లు సాధించారు. మొత్తం 1759తో భారత్‌కు స్వర్ణం వచ్చింది. ఒక్కొక్కరూ కాల్చేది 60 తూటాలు, గరిష్ఠంగా రాగలిగేది 600 పాయింట్లు. అంటే 60 సార్లు చేయి లేపి కాల్చినా ఈషా చేజార్చుకున్నది 14 పాయింట్లే.

ఆ స్థాయిలో ఒక పాయింటు పోవడానికి ఎంత తేడా చాలు? 25 మీటర్ల పోటీలో వెనక సైట్‌కూ ముందు సైట్‌కూ మధ్య దూరం 220 మిల్లీమీటర్లు మించకూడదు. నిదానంగా కాల్చే తొలి దశలో పది పాయింట్ల వలయం వ్యాసం 50 మిల్లీమీటర్లు. తూటా అంచు గీతను తాకినా పదే ఇస్తారు కాబట్టి తూటా కేంద్రం నడిబిందువు నుంచి దాదాపు 28 మిల్లీమీటర్లు పక్కకు పోయినా ఫరవాలేదు. ఆ 28 మిల్లీమీటర్లను పిస్టల్ మీదికి కుదించి చూస్తే, ముందు సైట్ వెనక సైట్ గాడిలో పావు మిల్లీమీటరు పక్కకు జరిగితే చాలు, పది తొమ్మిదవుతుంది. ఎయిర్ పిస్టల్‌లో దూరం పది మీటర్లే అయినా పది వలయం 11.5 మిల్లీమీటర్లు మాత్రమే. సైట్ల మధ్య దూరం 33 సెంటీమీటర్లున్న పిస్టల్‌తో అక్కడా లెక్క వేస్తే వచ్చేది దాదాపు అదే పావు మిల్లీమీటరు.

ఇక్కడ రెండు రకాల పొరపాట్లను విడదీసి చూడాలి. చేయి మొత్తంగా ఐదు మిల్లీమీటర్లు కుడికి జరిగి, సైట్లు మాత్రం ఒకే వరుసలో ఉంటే తూటా కూడా ఐదు మిల్లీమీటర్లే జరుగుతుంది. పది ఎక్కడికీ పోదు. అదే మణికట్టు దగ్గర పిస్టల్ కొద్దిగా తిరిగితే ఆ కోణం 25 మీటర్ల దారి పొడవునా పెరుగుతూ పోతుంది. సైట్ దగ్గరి పొరపాటు లక్ష్యం దగ్గర వంద రెట్లకు పైగా అవుతుంది. మనిషి చేయి కదలకుండా ఉండదు. సెకనుకు 8 నుంచి 12 సార్లు వణకడం ఆరోగ్యవంతుల కండరాలకూ సహజమే, ఒలింపిక్ విజేతలకూ తప్పదు. పిడి ఆ ఊగిసలాటను ఆపలేదు. చేయి ఎంత ఊగినా చేతికీ బ్యారెల్‌కూ మధ్య కోణం మారకుండా చూడడం ఒక్కటే దాని పని. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే, దుకాణంలో పట్టుకోగానే హాయిగా అనిపించిన పిడి ఎందుకు మోసం చేస్తుందో తెలుస్తుంది. మెత్తగా ఒదిగే పిడిలో చేయి రెండు మూడు రకాలుగా కూర్చోగలదు. పోటీకి కావలసిన పిడిలో చేతికి ఒక్కటే చోటు ఉండాలి. అరవయ్యోసారి పట్టుకున్నా అదే చోటు దొరకాలి. ఆ చోటు మొదట్లో కొంచెం ఇబ్బందిగా ఉన్నా నష్టం లేదు.

వేళ్ల కథ ఇంకా చిక్కుగా ఉంటుంది. చూపుడువేలిని ఒక్కదాన్నే కదుపుదామనుకున్నా పక్కవేళ్లు ఊరుకోవు. కండరాలూ నరాల ఆజ్ఞలూ కొంతవరకు ఉమ్మడివి కాబట్టి మధ్యవేలు, ఉంగరపువేలు మనకు తెలియకుండానే తామూ కొంత బిగుస్తాయి. 25 మీటర్ల పిస్టల్‌లో ట్రిగ్గర్ కనీసం 1000 గ్రాముల బరువు మోయగలగాలన్నది నియమం. పిస్టల్ మొత్తం బరువే 1400 గ్రాములు దాటకూడదు. అంటే పిస్టల్ బరువుకు దగ్గరి బలంతో దాన్నే ఒక వేలితో లాగుతూ, అది కదలకూడదని కోరుకుంటున్నాం. ఆ లాగుడు బ్యారెల్‌కు సమాంతరంగా, తిన్నగా వెనక్కి రాకుండా ఐదు డిగ్రీలు పక్కకు ఒరిగితే, 87 గ్రాముల బలం పిస్టల్‌ను పక్కకు తోస్తుంది. అందుకే పిడి ఎంచుకునేటప్పుడు మొదట చూడవలసింది అరచేయి కాదు, చూపుడువేలు. వేలి మొదటి కణుపు మెత్తని భాగం ట్రిగ్గర్ మీద తిన్నగా ఆనాలి. అదే సమయంలో ఆ వేలి మిగతా భాగం పిడి చెక్కను ఎక్కడా తాకకూడదు. పిడి చేతికి పెద్దదైతే వేలు ట్రిగ్గర్‌ను అంచుతోనే అందుకుంటుంది. చిన్నదైతే వేలు లోపలికి దూరి, లాగినప్పుడల్లా పిస్టల్‌ను పక్కకు ఈడ్చేస్తుంది. ట్రిగ్గర్‌ను ముందుకూ వెనక్కీ జరుపుకొనే వీలు చాలా పిస్టళ్లలో ఉంటుంది. అయితే అది చివరి సర్దుబాటుకే. పిడి పరిమాణంలోని పొరపాటును దానితో సరిదిద్దబోతే ఎటూ కాకుండా పోతుంది.

బొటనవేలు ఏమీ చేయనక్కర్లేదు, చేయకూడదు కూడా. దానికిచ్చిన అరుగు విశ్రాంతికే. పట్టు బలమంతా మధ్యవేలు, ఉంగరపువేలు తిన్నగా వెనక్కి, అరచేతి మడమ వైపు లాగడంలో ఉంటుంది. చిటికెనవేలు బిగిస్తే పిస్టల్ మూతి కిందికి పోతుంది. కొత్తవాళ్ల టార్గెట్ కాగితం మీద కింది భాగంలో గుంపుగా పడ్డ రంధ్రాలకు ఒక కారణం ఇదే.

తరవాత మణికట్టు. పోటీ పిస్టల్ పిడి మామూలు తుపాకీ పిడి కంటే ఎక్కువ వాలుగా ఉంటుంది. అలా వాలితే మణికట్టు చిటికెనవేలి వైపు, దాదాపు దాని కదలిక చివరి హద్దు దాకా వంగుతుంది. హద్దు చేరిన కీలుకు కదలడానికి మిగిలే చోటు తక్కువ. కండరాల శ్రమ లేకుండానే కీలు తాళం వేసినట్టు నిలుస్తుంది. ఎంత వాలు కావాలన్నది ఒక్కొక్కరి మణికట్టును బట్టి ఉంటుంది. కేటలాగ్‌లోని చిన్న, మధ్యరకం, పెద్ద సైజులకు దీనితో సంబంధం లేదు, అవి అరచేతి వెడల్పును చూసి చెప్పేవి. ఒకే సైజు చేతులున్న ఇద్దరు షూటర్లకు ఒకే పిడి కుదరకపోవడం రేంజ్‌లలో రోజూ చూసేదే.

కుదిరిందో లేదో తేల్చే పరీక్షకు ఖర్చేమీ లేదు. తూటా లేని పిస్టల్‌ను లక్ష్యం వైపు పట్టుకుని, కళ్లు మూసుకుని, చేయి దించి, మళ్లీ లేపి, కాస్త స్థిరపడ్డాక కళ్లు తెరవాలి. ముందు సైట్ వెనక గాడి మధ్యలో, పైఅంచులు సమానంగా కనిపిస్తే పిడి చేతిమాట వింటున్నట్టు. ప్రతిసారీ ఎడమకో పైకో ఒకే వైపు తప్పుతుంటే పిడిని మార్చాలి, మణికట్టును కాదు. బలవంతంగా మణికట్టు తిప్పి సైట్లను సరిచేసే షూటర్ మొదటి సిరీస్‌లో బాగానే కాలుస్తాడు. అలసట మొదలయ్యాక, లేదా మూడు సెకన్లలో కాల్చవలసి వచ్చినప్పుడు, చేయి తన పాత చోటుకే వెళ్లిపోతుంది. రెండో దశలో లక్ష్యం ఏడు సెకన్లు కనబడకుండా ఉండి, మూడు సెకన్లు కనబడుతుంది. కిందికి దించి ఉంచిన చేయి ఆ మూడు సెకన్లలో లేవాలి, సైట్లు కుదరాలి, తూటా వెళ్లాలి. సరిచేసుకునే వ్యవధి ఉండదు.

కొన్న పిడి ఎంత మంచి కంపెనీదైనా మొదటి రోజు నుంచే అచ్చంగా కుదరదు. అందుకే పుట్టీ. హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే ఎం-సీల్ లాంటి రెండు ముద్దల ఎపాక్సీ పుట్టీని కలిపి, ఖాళీ ఉన్న చోట అంటించి, చేతికి పలచని ప్లాస్టిక్ కవరు తొడుక్కుని పిస్టల్ పట్టుకుంటే చేతి ముద్ర దిగుతుంది. కవరు మరవకూడదు, ఆ రసాయనం చర్మానికి మంచిది కాదు. గట్టిపడ్డాక ఆకురాయి, ఆపైన ఉప్పు కాగితం. ఎక్కడ తాకుతోంది, ఎక్కడ ఖాళీగా ఉంది అన్నది తెలియకపోతే చేతికి సుద్దపొడి రాసుకుని పట్టుకుంటే పిడి మీద మచ్చలే చెబుతాయి. నా అభిప్రాయంలో ఎక్కువమంది చేసే తప్పు వరుసలో ఉంది. ఖాళీ కనిపించగానే నింపేస్తారు. నిజానికి ముందు ఎత్తుగా పొడుచుకుని ఉన్న చోటును చెక్కాలి. అది తగ్గగానే చేయి కొత్త చోట కూర్చుంటుంది, అంతకుముందు ఖాళీ అనుకున్నది చాలాసార్లు మాయమవుతుంది. ఒకసారికి ఒక్క మార్పే చేసి, కొన్నాళ్లు తూటా లేకుండా సాధన చేసి, అప్పుడు రెండోది. ఒకే సాయంత్రం మూడు చోట్ల చెక్కితే దేనివల్ల ఏమైందో ఎవరూ చెప్పలేరు.

చేతిముద్ర తీసి లేదా త్రీడీ స్కాన్ చేసి సొంతంగా చేయించే పిడులూ వచ్చాయి. అవి బాగుంటాయి. కానీ షూటింగ్ మొదలుపెట్టిన ఏడాదికే వాటి మీద డబ్బు పోయడం తొందరపాటు. పట్టు ఇంకా స్థిరపడని చేతిని స్కాన్ చేస్తే, ఆ అస్థిరతకే శాశ్వత రూపం ఇచ్చినట్టవుతుంది. ఎదిగే వయసు పిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు.

మన వాతావరణంలో చెమటను కూడా లెక్కలోకి తీసుకోవాలి. పిడి మీద గరుకు చుక్కలు చెక్కేది అందుకే. మే నెలలో చేతులు కాస్త ఉబ్బుతాయి, ఏసీ రేంజ్‌లో తగ్గుతాయి. తేమ తగిలితే చెక్క కూడా వ్యాకోచిస్తుంది. అరచేతి కింది పలకను జరుపుకొనే ఏర్పాటు ఉన్నది ఇలాంటి తేడాలకే. స్క్రూ దగ్గర సన్నని గీత గీసి పెట్టుకుంటే దాన్ని మళ్లీ పాత చోటుకు తేవడం సులువు.

పిడికి నియమాలు పెట్టడానికి కారణమైన వింతలు చరిత్రలో ఉన్నాయి. 1950లలో సోవియట్ ఇంజినీర్లు ఎంసీ-3 అనే పిస్టల్ తయారుచేశారు. దాన్ని తలకిందులుగా తిప్పేసి, బ్యారెల్‌ను కిందికి, చేతి వరుసలోకి తెచ్చారు. ఆలోచన సరైనదే. తూటా వెనక్కి తన్నే బలం బ్యారెల్ గీత మీద పనిచేస్తుంది, చేయి దానికి ఎంత కింద ఉంటే పిస్టల్ మూతి అంతగా పైకి ఎగురుతుంది. రెండూ ఒకే గీత మీద ఉంటే ఎగరదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో దీన్ని చూశాక నియమాలు మార్చారు. ఈ రోజు 25 మీటర్ల పోటీలో బ్యారెల్ మధ్యగీత బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న చర్మం మడత పైనుంచే పోవాలి. చేతిని పూర్తిగా చుట్టేసే పిడులు ఫ్రీ పిస్టల్‌లో చెల్లేవి, కానీ రియో తర్వాత ఆ పోటీయే ఒలింపిక్స్ నుంచి పోయింది. ఎయిర్ పిస్టల్‌లోనూ 25 మీటర్లలోనూ మణికట్టు స్వేచ్ఛగా కదులుతున్నట్టు కనబడాలి. అరచేతి పలక పిడితో 90 డిగ్రీలకు తగ్గని కోణంలో ఉండాలి, అంచు పైకి వంగకూడదు. ఆ చేతికి గడియారం, కంకణం కూడా పనికిరావు. కట్టిన దారాలు ముందే విప్పుకోవడం మంచిది.

ఎయిర్ పిస్టల్ తన్నుడు స్వల్పం. అర గ్రాము పెల్లెట్ సెకనుకు 150 మీటర్ల వేగంతో వెళుతుంది. 25 మీటర్ల పిస్టల్ తూటా సుమారు 2.6 గ్రాములు, వేగం దానికి దాదాపు రెట్టింపు. వెనక్కి తన్నే ద్రవ్యవేగం పది రెట్లు. తూటా బ్యారెల్ దాటే ఆ వెయ్యో వంతు సెకనులోనే పిస్టల్ కదలడం మొదలవుతుంది కాబట్టి, పట్టు బిగువు ఒక తూటాకూ మరో తూటాకూ మారితే లక్ష్యం దగ్గర ఎత్తు మారుతుంది. ఎయిర్ పిస్టల్ కొంత క్షమించే పిడి లోపాన్ని 25 మీటర్ల పిస్టల్ క్షమించదు.

తూటాలు నింపే మ్యాగజీన్ గురించి వేరే వ్యాసం రాయవచ్చు, కానీ పిడితో దానికి నేరుగా చుట్టరికం ఉంది. పాత హామర్లీ 208 లాంటి పిస్టళ్లలో మ్యాగజీన్ పిడి లోపలికే పోతుంది. అంటే మ్యాగజీన్ వెడల్పు కంటే పిడి సన్నబడలేదు, దాని వాలును దాటి మరో వాలుకు పోలేదు. ఇటలీ కంపెనీ పార్దిని తన ఎస్‌పీ పిస్టల్‌లో మ్యాగజీన్‌ను ట్రిగ్గర్‌కు ముందుకు జరిపింది. దాంతో పిడి లోపల ఖాళీ దొరికింది, చెక్కేవారికి స్వేచ్ఛ వచ్చింది, బరువు ముందుకు చేరింది. చిన్న చేతులున్నవారు పిస్టల్ కొనేముందు ఈ ఒక్క తేడా చూసుకుంటే తరవాత ఉప్పు కాగితం ఖర్చు చాలా తగ్గుతుంది.

ఇక మ్యాగజీన్ లోపలికి. ఉండేవి నాలుగైదు భాగాలే. రేకు గొట్టం, లోపల స్ప్రింగ్, దాని మీద తూటాలను పైకి నెట్టే ఫాలోయర్, అడుగు పలక, పైన తూటాను పట్టి ఉంచే రెండు ఫీడ్ లిప్స్. చిక్కంతా తూటాది. పాయింట్ 22 ఎల్‌ఆర్ తూటా డొల్లకు అడుగున అంచు బయటికి పొడుచుకుని ఉంటుంది. డొల్ల వ్యాసం 5.7 మిల్లీమీటర్లయితే ఆ అంచు 7 మిల్లీమీటర్లు. మందుగుండును అంటించే మసాలా ఉండేది కూడా ఆ అంచులోనే. ఇలాంటి తూటాలను ఒకదాని మీద ఒకటి పేర్చినప్పుడు పెంకుటింటి కప్పు మీద పెంకుల్లా పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందు ఉండాలి. వరుస తప్పి పైది వెనక్కి పోయిందా, స్లయిడ్ దాన్ని ముందుకు తోసినప్పుడు అది కింది తూటా అంచుకు తగులుకుని ఆగిపోతుంది. ఈ తూటాల మ్యాగజీన్లు ముందుకు వాలి ఉండడానికి ఇదీ ఒక కారణం. నింపేటప్పుడు అరక్షణం చూసుకుంటే తప్పే ప్రమాదమిది.

ఫీడ్ లిప్స్ మధ్య సందు పెరిగితే తూటా తొందరపడి పైకి లేస్తుంది, తగ్గితే ఆలస్యంగా వదులుతుంది. రెండు సందర్భాల్లోనూ తూటా మొన బ్యారెల్ వెనక ఉండే గదిలోకి పోకుండా పైకో కిందికో గుద్దుకుంటుంది. మ్యాగజీన్ ఒక్కసారి సిమెంటు నేల మీద తల కిందుగా పడితే చాలు, సందు మారిపోవచ్చు, కంటికి కనిపించదు. ఇబ్బంది లేకుండా పనిచేసే మ్యాగజీన్ లిప్స్ సందును కొత్తగా ఉన్నప్పుడే వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి రాసి పెట్టుకుంటే, తరవాత అనుమానం వచ్చినప్పుడు పోల్చుకోవచ్చు. పట్టకారుతో వంచి సరిచేయబోవడం మాత్రం వద్దు. ఆ రేకును ఒకసారి అటు వంచి ఇటు తెస్తే అది పాత గట్టితనంతో నిలవదు.

స్ప్రింగ్ గురించి రేంజ్‌లలో నమ్మకాలు చాలా. తూటాలు నింపి వదిలేస్తే స్ప్రింగ్ చచ్చిపోతుందన్నది అందులో పాతది. సాగే హద్దు లోపల నొక్కి ఉంచిన మంచి ఉక్కు స్ప్రింగ్ అలా తేలికగా బలం కోల్పోదు. దాన్ని ఎక్కువగా అలసిపోయేలా చేసేది పదేపదే నొక్కి వదలడం, హద్దు మీరి నొక్కడం. నింపిన మ్యాగజీన్ అలా ఉంచకూడదన్నది భద్రత కోసం సరైన మాట, స్ప్రింగ్ కోసం కాదు. బలం తగ్గిన స్ప్రింగ్ లక్షణం చివరి తూటాల దగ్గర బయటపడుతుంది. అప్పటికి స్ప్రింగ్ చాలావరకు విచ్చుకుని ఉంటుంది, మిగిలిన బలం తక్కువ. స్లయిడ్ వెనక్కి వెళ్లి ముందుకు వచ్చే రెప్పపాటులో తూటా పైకి చేరకపోతే స్లయిడ్ ఖాళీ గది మీద మూసుకుంటుంది. దాన్ని చూసి ఇంకా బలమైన స్ప్రింగ్ వేద్దామనుకుంటారు. బలం మరీ పెరిగితే పై తూటా లిప్స్‌కు గట్టిగా నొక్కుకుని, స్లయిడ్ దాన్ని తోయడానికే శక్తి ఖర్చుచేస్తుంది. తక్కువ తన్నుడు ఉన్న ఈ పిస్టళ్లలో అదొక కొత్త జబ్బు. కాబట్టి మార్చినప్పుడు తయారీదారు ఇచ్చే స్ప్రింగ్‌నే వేయాలి, మరొకటి కాదు.

యాక్షన్ షూటింగ్ పోటీల కేటలాగ్‌లు చూసి మనసు పారేసుకునేవారుంటారు. అక్కడ ఓపెన్ విభాగంలో 170 మిల్లీమీటర్ల పొడవు దాకా మ్యాగజీన్లు, పెద్ద అడుగు పలకలు, రంగురంగుల ఫాలోయర్లు. ఆ ఆటలో నింపే సంఖ్యకు విలువుంది. ఒలింపిక్ పద్ధతిలో ఐదు తూటాలకు మించి నింపనే కూడదు. ఇక్కడ విడిభాగాలు పాయింట్లు పెంచవు, పోకుండా చూస్తాయంతే. ఆ డబ్బుతో ఇంకో రెండు అసలు మ్యాగజీన్లు కొని, అన్నింటి మీదా అంకెలు వేసి, ఏది ఎప్పుడు మొరాయించిందో రాసుకోవడం మేలు. ఈ సీసపు తూటాల మీద మైనం పూత ఉంటుంది. అది మసితో కలిసి గొట్టం గోడలకు అంటుకుంటే ఫాలోయర్ బరువెక్కుతుంది. పొడి గుడ్డతో తుడిస్తే చాలు. నూనె పూస్తే మసి ఇంకా ఎక్కువ పట్టుకుంటుంది. విప్పిన స్ప్రింగ్‌ను తిరిగి పెట్టేటప్పుడు ఏ కొస పైకి ఉండేదో గుర్తుంచుకోవాలి. తిరగేసి పెడితే ఫాలోయర్ ఒక పక్కకు ఒరుగుతుంది.

ఇంత జాగ్రత్త ఎందుకో తెలియాలంటే నియమాల పుస్తకం తెరవాలి. కాలుస్తుండగా పిస్టల్ ఆగిపోతే షూటర్ దాన్ని లక్ష్యం వైపే ఉంచి, ఖాళీ చేయి ఎత్తాలి. అధికారి వచ్చి చూస్తాడు. తూటా పేలకపోయినా, ఇరుక్కున్నా అది ఒప్పుకునే లోపం, నష్టపోయిన కాల్పులకు అవకాశం ఇస్తారు. మ్యాగజీన్ సరిగా ఎక్కించకపోవడం, తక్కువ తూటాలు నింపడం, సేఫ్టీ తీయకపోవడం ఒప్పుకోని లోపాలు. అధికారి చూడకముందే కంగారుగా స్లయిడ్ లాగినా అంతే. కాల్చని ప్రతి తూటాకూ సున్నా. పది రాకపోయినా తొమ్మిది తెచ్చుకునే షూటర్‌కు ఒక సున్నా అంటే పోటీ అక్కడితో అయిపోయినట్టే. యంత్రం మొరాయిస్తే ఏమవుతుందో దేశమంతా చూసింది కూడా. 2021 జులైలో టోక్యోలో మను భాకర్ ఎయిర్ పిస్టల్ మధ్యలో పనిచేయడం మానేసింది. అందులో మ్యాగజీన్ ఉండదు, లోపం వేరే చోట. మరమ్మతుకు విలువైన సమయం పోయి, మిగతా కాల్పులు తొందర తొందరగా ముగించినా 575 పాయింట్లు తెచ్చుకుంది. ఫైనల్ రెండు పాయింట్ల తేడాతో తప్పింది. మూడేళ్ల తర్వాత పారిస్‌లో అదే పోటీలో కాంస్యం గెలిచింది.

పిడి మార్చిన ప్రతిసారీ ఇంకో పని మిగులుతుంది. పోటీకి ముందు పరికరాల తనిఖీలో 25 మీటర్ల పిస్టల్ 300, 150, 50 మిల్లీమీటర్ల కొలతల పెట్టెలో పట్టాలి. ఎక్కువమంది చిక్కేది ఆ 50 దగ్గర. బొటనవేలి అరుగు, అరచేతి పలక రెండూ వెడల్పులోకే వస్తాయి, వాటి మీద రాసిన పుట్టీ కూడా. తనిఖీ అయ్యాక మార్పు చేయకూడదు. పోటీ ముగిశాక కొందరిని యాదృచ్ఛికంగా పిలిచి మళ్లీ కొలుస్తారు, ట్రిగ్గర్‌కు 1000 గ్రాముల తూకం వేలాడదీసి చూస్తారు. అక్కడ తేడా వస్తే తెచ్చుకున్న పాయింట్లన్నీ రద్దవుతాయి. హోటల్ గదిలో రాత్రి పూట పిడి చెక్కుకునే అలవాటున్నవారు పెట్టెలో ఒక స్కేలు కూడా పెట్టుకుంటారు.